పేరు విని ఉలికిపడిన రచయిత

ఏదేని యొక సాహిత్య బహుమానమునకు తన పేరు ప్రతిపాదింపబడినదని విని రచయిత "నా పేరా?" యని విస్తుపోవుటయు, దానిని మన పత్రికలు వినయమని కొనియాడుటయు పరిపాటియైనది. మాకీ పొగడ్తలో నొక మోసము కానవచ్చుచున్నది. ముప్పది యేండ్లు వ్రాసినవాడు తన పేరు విని యులికిపడెనన్న, ఆ ముప్పది యేండ్లలో "నీ పుస్తకము చదివితి"నని చెప్పినవా రాతనికి లేరన్నమాట! ఆ విస్మయము మనపై దాఖలైన ఫిర్యాదు. దానికి జవాబు చెప్పుకొనవలసిన ముద్దాయిలము చదువరులమైన మనమే.

1919వ సంవత్సరమున మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి, జనగణమన గీతమును తానే యింగ్లీషున కనువదించిన రవీంద్రుని మన సీమవారు తమవానిగనే చెప్పుకొందురు. ఆయన సంగతియే చూడుడు. 1913లో నోబెల్ బహుమానమున కాయన పేరు పంపినది మన దేశీయు డెవ్వడును గాడు. టామస్ స్టర్జ్ మూర్ అను ఇంగ్లీషు కవి. రాయల్ సొసైటీ ఆఫ్ లిటరేచర్ సభ్యులు 97 మంది కూడి టామస్ హార్డీ పేరు పంపియుండగా, అదే సంఘమువాడైన యీతడొక్కడు చిన్న జాబులో రవీంద్రుని పేరు వ్రాసిపంపెను. నవంబరు మాసమున శాంతినికేతనమునకు తంతి వచ్చినది. అంతట కలకత్తా పెద్దలు మేల్కొనిరి! 23వ తేదీన ప్రత్యేకపు రైలుబండి కట్టించుకొని సన్మానమునకు తరలివచ్చిరి. కవి సంతోషింపలేదు. ఈ గౌరవపాత్రను పెదవుల కంటింతునే గాని మనసార గ్రోలజాలనను భావము వచ్చునట్లు మాటాడెను. వచ్చినవారు నొచ్చుకొని మరలిరి. ఆ తగవులో మేము నిస్సంకోచముగ కవి పక్షముననే వకాలతు దాఖలు చేయుదుము.

తిరుత్తణి 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. అచ్చట తెలుగింట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణపండితుని పేరు 1933 మొదలుకొని పలుమారులు ఆ నోబెల్ సాహిత్య బహుమానమునకు పోయినది. రాలేదు, అది వేరు మాట. ఆ సంస్థ ప్రతిపాదనలను 50 ఏండ్లు గుట్టుగ నుంచును. తన పేరు తాను పంపుకొనుట నొప్పుకొనదు. కాని విశ్వవిద్యాలయములందలి సాహిత్య, భాషాశాస్త్ర ఆచార్యులకు పరుల పేరు పంపు హక్కు నిచ్చినది. తెలుగునాట తెలుగు శాఖలకు కొదువలేదు, ఆచార్యులకు అంతకన్న కొదువలేదు. ఈ హక్కును వినియోగించినవా రెందరో ఆ మహాశయులే సెలవిత్తురు గాక!

మన దేశపు పద్ధతి మరియొకటి. పద్మ పురస్కారములకు ఎవడైనను ఎవని పేరైనను పంపవచ్చును. తన పేరు తానును పంపుకొనవచ్చును. ఊరూర వెలసిన సాహిత్య బహుమానములవారు మూడు నాలుగు ప్రతులును, ఛాయాచిత్రమును, జీవిత సంగ్రహమును జతచేసి పంపుడని రచయితలనే యడుగుదురు. ఇట్లు తన వ్యాజ్యమునకు తానే వకీలును, తానే సాక్షియునైన వానికి విస్మయ మెక్కడిది? "ఎవరును చెప్పనపుడు రచయిత తానైనను చెప్పుకొనవలదా?" యని మా మిత్రు లొకరు వాదించిరి. వాదమున బలము లేకపోలేదు. బోయకొండ గంగమ్మ యెదుట పువ్వడుగువాడు తన కోరిక తానే చెప్పుకొనును, పువ్వు కుడికి రాలునో ఎడమకు రాలునో యని వేచియుండును. దానిలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. మా తగవు దరఖాస్తు పెట్టిన రచయితతో గాదు. అతని చేత దరఖాస్తు పెట్టించిన మన మౌనముతో.

ఈ మౌనము మన కెంత నష్టము తెచ్చినదో చూడుడు. జ్ఞానపీఠము 1970లో విశ్వనాథవారికి, 1988లో నారాయణరెడ్డిగారికి వచ్చినది. తరువాత 24 ఏండ్లు శూన్యము! హైస్కూలు చదువైనను పూర్తికాని రావూరి భరద్వాజగారికి 2012వ సంవత్సరపు బహుమానము 2013 ఏప్రిలులో ప్రకటింపబడినది. అప్పటి కాయన 85 ఏండ్ల వృద్ధు. ఆ యక్టోబరులోనే కన్నుమూసిరి. మన పుంగనూరు పొలిమేర దాటినచో కోలారు సీమ. ఆ సీమవాడైన మాస్తి వెంకటేశ అయ్యంగారికి 1983లో ఆ గౌరవము దక్కినది. 2010 నాటికే కన్నడిగులకు ఎనిమిది వచ్చినవి. తెలుగు కలములు కన్నడ కలములకన్న మొద్దువని యెవరైన నందురేని మే మంగీకరింపము. చదివి, చదివితిమని నలుగురిలో చెప్పు నలవాటే మనకు తక్కువ.

దామలచెరువు దాపున మొగరాలలో పుట్టిన బడిపంతులు మధురాంతకం రాజారాంగారికి 1993లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అంతకు ముందే ఆయన కథలు చదివి, ఆయనకొక కార్డుముక్క వ్రాసిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం తాలూకాల చదువరు లెందరు? బహుమానము వచ్చినపిదప పూలదండలు తెచ్చువారిని మేము లెక్కింపము.

చౌడేపల్లెలో ఈ పత్రిక చదువు మిత్రులకు మా మనవి యొక్కటే. మీ యెఱుకలో నున్న రచయిత యొకని పుస్తకము పేరు, అది మీకేల నచ్చినదో రెండు పంక్తులలో వ్రాసి, ముందా రచయితకే పంపుడు. నకలు మాకు పంపుడు. అర్జీ యెట్లు వ్రాయవలెనో, ఎవరికి పంపవలెనో తెలియనివారికి మేము రుసుము లేకయే వ్రాసిపెట్టెదము. వచ్చువారము ఈ పుటలో సగము ఆ జాబులకై విడిచియుంచుచున్నాము.