క్రాష్‌కు కారణం వెతకడం కూడా నేర్పాలి

ఆడియో ఎడిటింగ్ స్టూడియోల గడప దాటి చాలా కాలమైంది. పాఠాలు రికార్డు చేసే ఉపాధ్యాయులు, పాడ్‌కాస్ట్‌లు నడిపే విద్యార్థులు, ఊరూరా తిరిగి పాటలు, కథలు సేకరించే పరిశోధకులు తమ ల్యాప్‌టాప్‌లోనే ఈ పని చేసుకుంటున్నారు. వారిలో చాలామందికి తెలిసిన పేరు ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలై, 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది.

దీన్ని గానీ, ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్‌ను గానీ వాడేవారికి ఒక అనుభవం తప్పదు. గంటల తరబడి చేసిన పని మధ్యలో తెర బిగుసుకుపోతుంది, లేదా విండో ఉన్నట్టుండి మాయమవుతుంది. అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అదృష్టం బాగుంటే పని నడుస్తుంది, లేకపోతే ల్యాప్‌టాప్ ఫార్మాట్ అవుతుంది. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. సైన్సు చదువుకున్నవారు కూడా ఈ విషయంలో దిష్టి తీసినట్టే వ్యవహరించడం విచారకరం. ప్రతి క్రాష్‌కూ ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతికే పద్ధతి ప్రయోగశాలలో నేర్పేదే.

అన్నిటికన్నా ముందు చేసిన పనిని కాపాడుకోవాలి. క్రాష్ తర్వాత ఆడాసిటీని తెరిస్తే, ఆగిపోయిన ప్రాజెక్టును తిరిగి తెమ్మంటారా అని అడుగుతుంది. తొందరలో వద్దన్నవారు ఆ పనిని పోగొట్టుకుంటారు. 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ప్రాజెక్టు మొత్తం ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ రూపంలో ఒకే ఫైలులో ఉంటోంది. అయితే తాజా మార్పులు కొంతసేపు పక్కనే ఉండే మరో ఫైలులో నిలిచి ఉంటాయి. దాని పేరు చివర డబ్ల్యూ, ఏ, ఎల్ అక్షరాలుంటాయి. క్రాష్ అయ్యాక పెద్ద ఫైలును మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఈ చిన్నదాన్ని పనికిరానిదని చెరిపేస్తే ఆ మార్పులు పోతాయి. వృద్ధ కళాకారుడి గొంతులో ఒక్కసారే దొరికిన కథ విషయంలో ఈ పొరపాటు జరిగితే దిద్దుకునే అవకాశం ఉండదు.

తర్వాత చూడాల్సింది క్రాష్ వదిలి వెళ్లిన ఆనవాళ్లు. ఏదైనా ప్రోగ్రాం తనకు కేటాయించని మెమరీని తాకితే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, ఏ ప్రోగ్రాం ఆగింది, అందులో ఏ భాగం దగ్గర ఆగింది అన్నది రాసి ఉంటుంది. చాలాసార్లు అక్కడ కనిపించేది ఎడిటర్ పేరు కాదు, ఏదో ఒక ప్లగిన్ పేరు. నాయిస్ తగ్గించడానికో, ప్రతిధ్వని చేర్చడానికో మరొకరు రాసిన ఈ చిన్న ప్రోగ్రాములు సాధారణంగా ఎడిటర్ మెమరీలోనే నడుస్తాయి. ఒకే పడవలో ప్రయాణం కాబట్టి ఒకరు చిల్లు పెడితే అందరూ మునుగుతారు. రీపర్, బిట్‌విగ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ప్లగిన్‌లను విడిగా నడిపే వీలు కల్పించింది ఇందుకే.

ఆనవాలు దొరకకపోతే ప్రయోగం చేయాలి. 32 ప్లగిన్‌లు ఉన్నాయనుకుందాం. వాటిలో 16 ఆపి చూడాలి. క్రాష్ ఆగిపోతే దోషి ఆ పదహారులో ఉంది, ఆగకపోతే మిగతా పదహారులో ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే, తప్పు ఒకే ప్లగిన్‌దైన పక్షంలో, 5 పరీక్షల్లో అది దొరికిపోతుంది. జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రియాస్ జెల్లర్ 1999లో ప్రతిపాదించిన డెల్టా డీబగింగ్ ఇలాంటి వెతుకులాటనే కంప్యూటర్ తానే చేసేలా క్రమబద్ధం చేసింది. ఇక్కడ నియమం ఒక్కటే: ఒకసారి ఒక అంశాన్నే మార్చాలి, ఫలితం రాసుకోవాలి.

రీఇన్‌స్టాల్ ఈ నియమాన్నే తుంగలో తొక్కుతుంది. ఒక్కసారిగా ఎన్నో అంశాలు మారిపోతాయి కాబట్టి, సమస్య తీరినా దేనివల్ల తీరిందో తెలియదు. పైగా చాలా సాఫ్ట్‌వేర్‌ల పాత సెట్టింగులు, ప్లగిన్‌లు తీసేసిన తర్వాత కూడా డిస్క్‌లో అలాగే ఉంటాయి. కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాం వాటినే చదివి మళ్లీ అదే చోట పడిపోవచ్చు.

రీస్టార్ట్ సంగతి వేరు, దానికి కొంత శాస్త్రీయ ఆధారం ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 1985లో సాఫ్ట్‌వేర్ లోపాలను రెండుగా విడదీశారు. బోర్ పరమాణువులా స్థిరంగా, అదే పని చేస్తే అదే చోట కనిపించేవి బోర్‌బగ్‌లు. పట్టుకోబోతే కనిపించకుండా పోయేవి, హైజెన్‌బర్గ్ పేరు మీదుగా, హైజెన్‌బగ్‌లు. వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో మిగిలేవి ఎక్కువగా రెండో రకమేనని, మళ్లీ మొదలుపెడితే అవి సాధారణంగా ఎదురుకావని ఆయన వాదన. అందువల్ల ఒకసారి రీస్టార్ట్ చేయడం సబబే. అదే క్రాష్ మూడోసారి అదే చోట వస్తే మాత్రం అది చాలావరకు బోర్‌బగ్ అన్నట్టే. అలాంటిది వెతికితే దొరుకుతుంది.

కొన్ని సమస్యలకు చిన్న లెక్క చాలు. వేవ్ ఫైలు తన పరిమాణాన్ని 32 బిట్లలో రాసుకుంటుంది, కాబట్టి అది సుమారు 4 గిగాబైట్లు దాటలేదు. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు, స్టీరియో అయితే సెకనుకు 2,88,000 బైట్లు. ఆ లెక్కన దాదాపు 4 గంటల 8 నిమిషాలకు హద్దు వచ్చేస్తుంది. రాత్రంతా సాగే ఒగ్గుకథను ఒకే ఫైలుగా రికార్డు చేయబోతే ఇబ్బంది తప్పదు. అక్కడ సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం వృథా, ఫైలును ముక్కలు చేయాలి.

ఇదంతా వాడేవారి పనా, తయారీదారుల బాధ్యత కాదా అని అడగవచ్చు. బాధ్యత నిస్సందేహంగా తయారీదారులదే. కానీ తమ దగ్గర కనిపించని లోపాన్ని వారు సరిచేయలేరు. తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. విండోస్ కోసం పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు ఫైలు పేర్లను కోడ్ పేజీ అనే చిన్న అక్షర పట్టిక ద్వారా చదువుతాయి. సిస్టమ్ స్థాయిలో తెలుగుకు అలాంటి పట్టిక కేటాయించలేదు, యూనికోడే దారి. అందువల్ల ఫోల్డర్‌కు ‘జానపదాలు’ అని పేరు పెడితే పాత ప్లగిన్ ఒకటి ఆ ఫైలును తెరవలేక తడబడవచ్చు. పేరు ఇంగ్లిషులోకి మార్చి పని కానిచ్చుకుంటాం, ఎవరికీ చెప్పం. ఇంగ్లిషులోనే పేర్లు పెట్టుకునే ప్రోగ్రామర్‌కు ఆ లోపం ఎన్నటికీ ఎదురుకాదు. మన మౌనం వల్ల అది వెర్షన్ తర్వాత వెర్షన్‌లో కొనసాగుతుంది.

జర్నలిజం, భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం బోధించే విభాగాలు ఎడిటింగ్ నేర్పుతున్నప్పుడు క్రాష్‌ను పరిశోధించడం మీద కూడా ఒక ప్రాక్టికల్ తరగతి పెట్టాలి. ఖర్చేమీ లేదు. ప్రతి ల్యాబ్‌లో ఒక నోటుపుస్తకం ఉంచి, ఏ వెర్షన్, ఏ ఫైలు, ఏం చేస్తుండగా ఆగింది, మళ్లీ అదే చేస్తే ఆగిందా అన్న నాలుగు సంగతులు రాయిస్తే చాలు. ఆ నాలుగూ కలిపితే తయారీదారుకు పంపదగ్గ ఫిర్యాదు సిద్ధమైనట్టే. ఆడాసిటీ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు అలాంటి ఫిర్యాదులు ఎవరైనా పంపవచ్చు. ఒక విద్యార్థి రాసి పంపిన నాలుగు వాక్యాలతో సరిదిద్దిన లోపం, ఆ తర్వాత మరో ఊళ్లో మరొకరి రికార్డింగును కాపాడుతుంది.