పేరును బట్టి పాత్ర

2006 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవం నుంచి ఇంగ్లండుకు తిరిగివస్తున్న ఇరవై మూడేళ్ల యువనటుడొకరు లూటన్ విమానాశ్రయంలో దిగారు. ఆయన నటించిన 'ది రోడ్ టు గ్వాంటానమో' చిత్రం ఆ ఉత్సవంలో దర్శకత్వానికి సిల్వర్ బేర్ పురస్కారం పొందింది. ఏ నేరారోపణా లేకుండా రెండేళ్లకు పైగా గ్వాంటానమో చెరలో మగ్గి, 2004లో విడుదలైన ముగ్గురు బ్రిటిష్ ముస్లిం యువకుల యథార్థ గాథ అది. పురస్కారం వచ్చిన సంతోషంతో దిగిన ఆ నటుణ్ణి పోలీసులు పక్కకు తీసుకుపోయి ప్రశ్నించారు. ముస్లింల పోరాటానికి ఊతమివ్వడానికే నటుడివయ్యావా అని తనను అడిగారని ఆయనే తరువాతి కాలంలో చెప్పారు. తెరపై అకారణంగా నిర్బంధితుడైన యువకుడి పాత్ర ధరించినవారికి, తెర బయట కూడా అటువంటి గదిలోనే కూర్చోవలసివచ్చింది. ఆయన పేరు రిజ్ అహ్మద్.

హక్కుల పత్రికకు ఒక సినిమా నటుడితో ఏమి పని అని మన పెద్దలలో కొందరు అడగవచ్చు. సినిమా చూడని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. కాని మనం సినిమా చూసినా, చూడకపోయినా, సినిమా చూసినవారు మనల్ని చూస్తారు. అద్దె ఇంటి కోసం తలుపు తట్టినప్పుడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, తనిఖీల వద్ద సంచి తెరిచినప్పుడు మనకంటే ముందుగా మన గురించి తెర గీసిన బొమ్మ అక్కడికి చేరుకుంటుంది. ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయాలలో కాగితాల మధ్య గడిపిన మాకు, దరఖాస్తుపై పేరు చదివిన తరువాత ఎదుటివారి చూపు ఎలా మారుతుందో తెలియనిది కాదు. అందుకే ఈ నటుడి జీవితం మన చర్చకు తగినదని భావిస్తున్నాము.

రిజ్వాన్ అహ్మద్ 1982లో లండన్ నగరంలోని వెంబ్లీలో జన్మించారు. తల్లిదండ్రులు 1970ల దశకంలో కరాచీ నుంచి వలస వెళ్లినవారు. వలస రాజ్య కాలంలో అలహాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ షా ముహమ్మద్ సులైమాన్ వంశానికి చెందినవారు కావడం వల్ల మన గడ్డతోనూ ఆయనకు బంధం ఉంది. ఉపకారవేతనంపై పేరున్న పాఠశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రాలు అభ్యసించి, ఆపై లండన్‌లోని సెంట్రల్ స్కూల్ ఆఫ్ స్పీచ్ అండ్ డ్రామాలో రంగస్థల నటనలో శిక్షణ పొందారు. చదువును, కళను రెండింటినీ శ్రద్ధగా నేర్చిన మనిషి.

2016లో వెలువడిన 'ది గుడ్ ఇమ్మిగ్రెంట్' అనే సంకలనంలో ఆయన రాసిన వ్యాసం ప్రతి విద్యావంతుడూ చదవదగినది. మైనారిటీ నటుల ప్రయాణాన్ని ఆయన అందులో మూడు దశలుగా విభజించారు. మొదటి దశలో దొరికేవి ఉగ్రవాది, టాక్సీ డ్రైవరు, కిరాణా కొట్టు యజమాని వంటి అచ్చుపోసిన పాత్రలు. రెండవ దశలో అవే పరిసరాలలో నిలబడి ఆ అచ్చును బద్దలుకొట్టే పాత్రలు లభిస్తాయి. మూడవ దశలో పాత్రకు జాతితో, మతంతో నిమిత్తం ఉండదు. అక్కడ నటుడు కేవలం మనిషి. నటుల ఎంపిక జరిగే గదికీ, విమానాశ్రయంలోని విచారణ గదికీ ఆయన అందులో పోలిక చూపారు. రెండు చోట్లా ఎదుటివారు మన ముఖం చూసి, ముందుగానే రాసుకున్న పాత్రను మన చేతికి ఇస్తారన్నది ఆ పోలికలోని సారం.

ఆయన నటజీవితం ఈ మూడు దశలకూ ఉదాహరణ. 2010లో వచ్చిన 'ఫోర్ లయన్స్' ఉగ్రవాదపు మూర్ఖత్వాన్ని హాస్యంతో ఎండగట్టింది. 2016 నాటి 'ది నైట్ ఆఫ్' ధారావాహికలో హత్యానేరం మోపబడి, న్యాయవ్యవస్థ చక్రాల కింద నలిగిపోయే పాకిస్తానీ అమెరికన్ విద్యార్థిగా నటించారు. ఆ పాత్రకు 2017లో ఎమ్మీ పురస్కారం అందుకుంటూ, అన్యాయంగా శిక్షపడినవారి కోసం పనిచేసే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ సంస్థను వేదికపై స్మరించారు. ఇక 'సౌండ్ ఆఫ్ మెటల్' చిత్రంలో వినికిడి కోల్పోతున్న డ్రమ్ముల వాద్యకారుడి పాత్ర. దాని కోసం నెలల తరబడి డ్రమ్ములు వాయించడం, బధిరుల సంజ్ఞాభాష నేర్చుకున్నారు. 2021లో ఉత్తమ నటుడి ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి ముస్లింగా గుర్తింపు పొందారు. ఆ పాత్రకు మతంతో సంబంధమే లేదన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం.

అయితే మేము ఆయనను గౌరవించేది పురస్కారాలను లెక్కపెట్టి కాదు. తాను దాటివచ్చిన ద్వారాన్ని తన వెనుక మూసివేయలేదు, అందుకు. 2017 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు భవనంలో ప్రసంగిస్తూ, దేశపు కథలో తమకు చోటు కనిపించని యువకులు విద్వేషవాదులు చెప్పే కథల వైపు మొగ్గే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆ ప్రసంగం స్ఫూర్తితో 2018లో 'రిజ్ టెస్ట్' పుట్టింది. ఒక చిత్రంలో ముస్లిం పాత్ర ఉంటే అయిదు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పాత్రను ఉగ్రవాదంతో ముడిపెట్టారా? అకారణ కోపిష్టిగా చూపారా? మూఢుడిగా, వెనుకబడినవాడిగా చూపారా? పాశ్చాత్య జీవన విధానానికి ముప్పుగా చిత్రించారా? పురుషుడైతే స్త్రీద్వేషిగా, స్త్రీ అయితే పురుషుడి అణచివేతకు గురైనదిగా మాత్రమే చూపారా? ఒక్కదానికి అవునన్నా ఆ చిత్రం పరీక్షలో తప్పినట్లే.

2021లో ఆయన సహకారంతో జరిగిన ఒక అధ్యయనం 2017 నుంచి 2019 వరకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో విజయవంతమైన 200 చిత్రాలను పరిశీలించింది. మాటలున్న పాత్రలలో ముస్లింలు 1.6 శాతం మాత్రమే. ప్రపంచ జనాభాలో మన వాటా దాదాపు నాలుగో వంతు. ఈ లెక్క చూసి నిట్టూర్చి ఊరుకోకుండా, ముస్లిం కథకులకు ఆర్థిక సహాయం, మార్గదర్శనం అందించే పథకానికి ఆయన చేయూతనిచ్చారు. ఫిర్యాదుతో పాటు పరిష్కారానికీ పూనుకున్న తీరు ఇది.

ఒక వ్యక్తి విజయం సమాజపు విముక్తి కాదన్న సంగతి ఆయనకే బాగా తెలుసు. 2022లో ఆస్కార్ గెలిచిన 'ది లాంగ్ గుడ్‌బై' లఘుచిత్రమే అందుకు సాక్ష్యం. పెళ్లి సందడిలో ఉన్న ఒక దక్షిణాసియా కుటుంబం ఇంటిపైకి జాత్యహంకారుల మూక వచ్చిపడడమే అందులోని కథ. కీర్తి శిఖరాన నిలిచిన తరువాత కూడా తన ఇంటి గుమ్మం వద్ద పొంచి ఉన్న భయాన్ని ఆయన మరువలేదు.

మన తెలుగు తెరకు ఆ అయిదు ప్రశ్నలలో నాలుగు యథాతథంగా పనికివస్తాయి. పాశ్చాత్య జీవనం అన్నచోట దేశం అన్న మాట పెట్టుకుంటే అయిదవదీ సరిపోతుంది. నవ్వించడానికి పెట్టే వచ్చీరాని తెలుగు, బాంబు పట్టుకున్న ప్రతినాయకుడు, నాయకుడి కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడైన మిత్రుడు — వీరిని దాటి, మన ఇళ్లలో కనిపించే ఉపాధ్యాయురాలిని, మెకానిక్కును, రైతును, గుమాస్తాను తెరపై ఎన్నిసార్లు చూశాము? యువజన సంఘాలు నెలకొక చిత్రాన్ని ఈ ప్రశ్నలతో చర్చించి, తమ అభిప్రాయాన్ని మర్యాదగా, ఆధారాలతో ఆ చిత్ర నిర్మాతలకు రాయవచ్చు.

తల్లిదండ్రులకు మా విన్నపం మరొకటి. ఇంజనీరింగు, వైద్యం వైపు పిల్లలను ప్రోత్సహిస్తున్నాము, మంచిదే. కాని మీ బిడ్డ కథ రాస్తానన్నా, నాటకం వేస్తానన్నా, కెమెరా నేర్చుకుంటానన్నా వెంటనే కాదనకండి. మన విలువలు కాపాడుకుంటూనే ఆ పని చేయవచ్చు. రిజ్ అహ్మద్‌కు వెంబ్లీలోని ఒక ఇల్లు చదువుకోనిచ్చింది, మాట్లాడనిచ్చింది. మన గుంటూరులో, కర్నూలులో, నిజామాబాదులో, పాతబస్తీలో అటువంటి ఇళ్లు ఉంటే, మన పాత్రలను మన పిల్లలే రాసే రోజు వస్తుంది. ఇన్షా అల్లాహ్.