కందెనయు, బ్రేకును

విద్యార్థులారా! ఘర్షణము వలన శక్తి నష్టమగును, యంత్రములు అరిగిపోవును, కావున దానిని తగ్గింపవలెను అని మీలో పెక్కుమంది పరీక్షలలో వ్రాయుదురు. నేను దిద్దిన జవాబు పత్రములలో ఈ మాట ఎన్ని మారులు చూచితినో లెక్కలేదు. అది తప్పు కాదు. కాని సగము మాట. ఘర్షణమును కేవలము శత్రువుగా నెంచుట నాకు సమ్మతము కాదు.

రెండు వస్తువులు ఒరసికొని కదలునపుడు ఆ కదలికను అడ్డగించు బలమే ఘర్షణము. మిక్కిలి నునుపుగా తోచు తలమునందు సైతము కంటికి కానరాని గరుకుదనము కలదు. మన తాతలు ఎద్దుబండి ఇరుసునకు ఆముదమున గడ్డి మసి కలిపిన కందెన పూసెడివారు. ఆ పొర నడుమ నిలిచి, ఇరుసును చక్రమును నేరుగా తాకనీయదు. నేటి యంత్రములలో గ్రీజు చేయు పనియు నదియే. జారుటకు మారుగా దొర్లునట్లు చేయుట మరియొక ఉపాయము; బాల్ బేరింగులు అందులకే పుట్టినవి.

పూండి స్టేషనులో నిలిచి, పోవు గూడ్సుబండిని చూడుడు. అంత బరువును ఇంజను ఎట్లు లాగుచున్నది? ఉక్కు పట్టాపై ఉక్కు చక్రము దొర్లునపుడు అడ్డు స్వల్పము. సమతలమున టన్ను బరువునకు సుమారు 2 కిలోల లాగుడు చాలును; తారురోడ్డుపై రబ్బరు చక్రములకు 10 కిలోల వరకు కావలెను. అయినను, వానకు తడిసిన పట్టాపై అదే ఇంజను చక్రములు కదలక ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగుట కలదు. అప్పుడు డ్రైవరు ఇంజనులోని పెట్టె నుండి చక్రముల ముందు ఇసుక పడునట్లు చేయును! అంతటి యంత్రమును కదలించునది పిడికెడు ఇసుక. ఇరుసువద్ద వలదన్న ఘర్షణమే పట్టాపై కావలసివచ్చినది.

ఈ రెండవ సగమును మనము ఉపేక్షించుచున్నాము. సైకిలు గొలుసునకు నూనె వేయుట మఱవని బాలుడు అరిగిన బ్రేకు రబ్బరులను నెలల తరబడి మార్చడు. పెద్దలును అంతే. ఇంజనాయిలు వేళకు మార్పించుచు, నున్నబడిన టైర్లతో పలాస మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారి నెక్కుదురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, టైర్లు మంచివైనచో, బ్రేకు పట్టిన పిదప పొడి రోడ్డుపై సుమారు 20 మీటర్లలో ఆగును. తడిసిన రోడ్డుపై 35 మీటర్లైనను పట్టును. టైరు గాళ్లు నీటిని ప్రక్కకు తరుమును. అవి అరిగినచో ఆ దూరము ఇంకను పెరుగును. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగింతలు.

ఉద్దానపు బాలలకు మరియొక ముచ్చట. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మమును కాల్చును. అందుకే పిక్కలు కొట్టు స్త్రీలు చేతులకు బూడిదయో, వేరు నూనెయో పూసికొందురు. నూనె యనగానే మనకు జారుడు తలపునకు వచ్చును. కాని ఈ నూనెతో చేసిన జిగురును గట్టిపరచి, పొడిచేసి, వాహనముల బ్రేకు పలకలలో కలుపుదురు. పలక వేడెక్కినను పట్టు సడలకుండుటకు అది తోడ్పడును. పప్పు తీసి పారవేసిన తొక్కలోని సారము లారీలను ఆపుచున్నది.