పరగడుపు కుదరలేదని పరీక్ష మానేద్దామా?

అసలు ఆడవాళ్లకు పరగడుపున బయటికి వెళ్లే తీరిక ఎక్కడుంటుంది చెప్పండి? పాలు కాచి, టిఫిన్లు చేసి, పిల్లల క్యారియర్లు సర్ది, పెద్దవాళ్లకు కాఫీలు అందించేసరికి తొమ్మిది దాటుతుంది. ఈలోగా గుక్కెడు కాఫీ అయినా పడకపోతే కళ్లు తిరుగుతాయి. ఇక పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లి రక్తం ఇచ్చి రమ్మంటే ఎలా? "వచ్చే వారం చూద్దాంలే" అనుకుంటాం. ఆ వచ్చే వారం ఏళ్ల తరబడి రాదు.

నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఇదే వరస. ఇంటాయన కొలెస్టరాల్ రిపోర్టులు ఫైల్లో వరసగా ఉంటాయి. ఇల్లాలి కాగితం ఒక్కటీ ఉండదు. గుండెజబ్బు మగవాళ్లకే వస్తుందన్న ధీమా కొంత, ఈ పరగడుపు బెడద కొంత. నెలసరి ఆగిపోయే వయసులో మన రక్తంలో చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

నేను అనేది ఒకటే. కొవ్వుల పరీక్షకు మనలో చాలామందికి పరగడుపు అక్కర్లేదు. ఇది నా సొంత వైద్యం కాదు. డెన్మార్క్‌లో 2009 నుంచే తిన్నాక తీసిన రక్తంతో ఈ పరీక్ష చేస్తున్నారు. 2016లో యూరప్ నిపుణుల సంఘాలు అదే మాట అన్నాయి. మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పద్ధతినే సూచించింది.

ఎందుకంటారా? మనం తిన్న నూనె, నెయ్యి పేగుల్లో అరిగి, సన్నని బొట్లుగా రక్తంలో కలుస్తాయి. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు మెల్లగా పెరిగి, మూడు నాలుగు గంటలకు బాగా ఎక్కువై, తర్వాత దిగుతుంది. మామూలు భోజనం చేస్తే ఈ పెరుగుదల సగటున డెసిలీటరుకు 26 మిల్లీగ్రాములే. మొత్తం కొలెస్టరాల్, చెడ్డదైన ఎల్‌డీఎల్ అయితే పెరగకపోగా 8 మిల్లీగ్రాముల దాకా తగ్గుతాయి. మంచిదైన హెచ్‌డీఎల్ దాదాపు మారదు. అందుకే ట్రైగ్లిజరైడ్లు పరగడుపున 150 లోపు, తిన్నాకయితే 175 లోపు ఉంటే మామూలే అంటారు.

ఇంకో సంగతి ఆలోచించండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పకోడీ, రాత్రి మళ్లీ భోజనం. ఒకటి అరిగేలోపు ఇంకొకటి పడుతూనే ఉంటుంది. రోజులో నిజమైన పరగడుపు తెల్లవారుజామున ఆ కొద్దిసేపే. మిగతా వేళంతా మన రక్తనాళాల్లో పారేది తిన్నాకటి రక్తమే కదా! దాన్ని పరీక్షిస్తే తప్పేముంది?

"ఇన్నాళ్ల పద్ధతి ఉత్తినే పెట్టారా?" అంటారు కొందరు. ఉత్తినే కాదు. ఎల్‌డీఎల్‌ను చాలాచోట్ల ట్రైగ్లిజరైడ్ల అంకెతో లెక్కగట్టి చెబుతారు. ఆ అంకె మరీ పెరిగితే లెక్క తప్పుతుంది. అందుకే అది 400 దాటితే మళ్లీ పరగడుపున చేయించమంటారు. అలా చెప్పినప్పుడు తప్పకుండా వెళ్లాలి. పరగడుపు షుగరు పరీక్షకూ ఉపవాసం తప్పదు. మిగతావాళ్లకు మాత్రం ఇంకో సులువు లెక్క ఉంది. మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. మిగిలింది గుండెకు చేటు చేసే కొవ్వంతా. తిన్నా తినకపోయినా ఈ అంకెలో పెద్ద తేడా రాదు.

పైగా షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడే ఆడవాళ్లు అంతసేపు కడుపు మాడ్చుకుంటే షుగరు పడిపోయి సొమ్మసిల్లే ప్రమాదముంది. వాళ్లనూ ఈ పరీక్ష కోసం పొద్దున్నే లైన్లో నిలబెట్టడం అన్యాయం కాదా?

పరీక్షా కేంద్రాలవాళ్లకు నా విన్నపం: "పరగడుపునే రండి" అని అందర్నీ వెనక్కి పంపకండి. మధ్యాహ్నం కూడా రక్తం తీసుకోండి. అక్కచెల్లెళ్లకు నా మాట: మీ డాక్టరునే అడగండి, "తిని రావచ్చా?" అని. సరేనంటే పెళ్లి భోజనం చేసిన రోజు వద్దు గానీ, మామూలుగా అన్నం తిని, గిన్నెలు సర్దుకుని, మధ్యాహ్నం మూడింటికే వెళ్లి రండి.