పడే చోటు మెత్తగా ఉంటే

2022 ఫిబ్రవరి, బీజింగ్ వింటర్ ఒలింపిక్స్. స్నోబోర్డ్ హాఫ్‌పైప్ (రెండువైపులా మంచుగోడలున్న కాలువలాంటి వాలు) ఫైనల్లో జపాన్ కుర్రాడు అయుము హిరానో ట్రిపుల్ కార్క్ 1440 వేశాడు. మంచుగోడ అంచు నుంచి గాల్లోకి లేచి, తిరిగి దిగేలోపు నాలుగు చుట్లు తిరగాలి, ఆ తిరుగుడులోనే మూడుసార్లు తల్లకిందులు కావాలి. మొదటి పరుగులో పడ్డాడు. రెండో పరుగు నిలబెట్టుకుంటే జడ్జీలు 91.75 ఇచ్చి రెండో స్థానంలో కూర్చోబెట్టారు. ఆ మార్కులకు టీవీ వ్యాఖ్యాతలే మండిపడ్డారు, నాకూ ఇప్పటికీ మింగుడుపడవు. హిరానో మాత్రం మళ్లీ పైకెళ్లి మూడో పరుగులోనూ అదే వరస చేశాడు. 96 మార్కులు, స్వర్ణం.

చూసినవాళ్లంతా గుండెధైర్యం అన్నారు. ధైర్యం లేకుండా ఆ అంచుదాకా ఎవరూ వెళ్లరు, నిజమే. కానీ అడిగినప్పుడల్లా అదే విన్యాసం అలాగే రావాలంటే ధైర్యం చాలదు. ఒంటికి అలవాటు కావాలి, అలవాటు కావాలంటే లెక్కలేనన్నిసార్లు పడాలి. అన్నిసార్లు పడినా మర్నాడు లేచి నడవగలగాలి. జపాన్ దృష్టి పెట్టింది అక్కడ.

అక్కడి పిల్లలు మంచు లేని నెలల్లోనూ దూకుతూనే ఉంటారు. ఒసాకా కింగ్స్ లాంటి కేంద్రాల్లో ఎత్తైన ర్యాంప్ కట్టి, మంచుకు బదులు ప్లాస్టిక్ బ్రష్ పరిచి, జారుడు కోసం నీళ్లు చల్లుతారు. కింద పెద్ద ఎయిర్‌బ్యాగ్. దూకడం, పడటం, బోర్డు చంకన పెట్టుకుని మళ్లీ మెట్లెక్కడం. ఒలింపిక్ జట్టువాళ్లే కాదు, డబ్బు కట్టి వచ్చిన మామూలు కుర్రాళ్లూ అదే వరుసలో నిలబడతారు.

మెత్తటి చోట పడుతూ నేర్చుకోవడం జపాన్‌లో మాత్రమే ఉన్నది కాదు. 2009లో అమెరికన్ స్టార్ షాన్ వైట్ కోసం కొలరాడోలోని సిల్వర్టన్ కొండల్లో రెడ్ బుల్ సంస్థ ఒక సొంత హాఫ్‌పైప్, దాని పక్కనే స్పాంజి ముక్కలతో నింపిన గుంట కట్టించింది. కొత్త పల్టీలు వైట్ అక్కడే, ఎవరి కంటా పడకుండా నేర్చుకున్నాడు. మరుసటేడు వాంకూవర్‌లో స్వర్ణం గెలిచాడు. ఒక్క మనిషి కోసం కట్టిన ఏర్పాటు అది. అలాంటిదాన్ని ఎవరైనా టికెట్టు కొని వాడుకునే వసతిగా పెట్టడంలోనే జపాన్ తెలివి ఉంది.

స్పాంజి గుంటలో ఇంకో లోపం ఉంది. ఎలా పడ్డా మింగేస్తుంది. దెబ్బలు తగ్గుతాయి సరే, మంచు మీదైతే నిలబడేవాడివా లేదా అన్నది మాత్రం తెలియదు. ఇప్పటి ఎయిర్‌బ్యాగులు వాలుగా, మంచు వాలును పోలి ఉంటాయి. బోర్డు తిన్నగా ఆనితే జారుకుంటూ కిందికి పోవచ్చు, వంకరగా ఆనితే అక్కడే బోర్లా పడతారు. తప్పు తెలుస్తుంది, ఎముక విరిగే ముప్పు తగ్గుతుంది.

నేర్చేది మొదట 180, అంటే అర చుట్టు. అదీ చదును నేల మీదే. భుజాలూ చూపూ తిరిగితే బోర్డు వెనకాలే వస్తుంది. ఆ తర్వాత ర్యాంప్ ఎక్కినప్పుడు కొత్తవాళ్లు కంగారులో దాని అంచు దాటకముందే ఒళ్లు తిప్పేస్తారు. బోర్డు అంచు పట్టు తప్పి, మనిషి గాల్లోనే పక్కకు ఒరిగిపోతాడు. గట్టి మంచు మీద ఇలా ఒక్కసారి పడినవాడు రెండోసారి దూకడానికి జంకుతాడు, జంకుతో దూకితే మళ్లీ పడతాడు. ఎయిర్‌బ్యాగ్ మీద అదే తప్పు వరసగా చేస్తూ పోతే కాసేపటికి తొందర తగ్గుతుంది. మన ఊళ్లలో ఈత నేర్పడానికి నడుముకు బెండ్లు కట్టి పిల్లల్ని బావిలోకి దింపినట్టే ఇదీ.

బెండ్లు విప్పే రోజు రాక తప్పదు. 2009 డిసెంబర్ 31న అమెరికాలోని పార్క్ సిటీలో మంచు మీద డబుల్ కార్క్ (రెండుసార్లు తల్లకిందులయ్యే విన్యాసం) సాధన చేస్తూ వైట్ ప్రత్యర్థి కెవిన్ పియర్స్ పడ్డాడు. మెదడుకు తీవ్రమైన గాయమై, పోటీల జీవితం అక్కడితో ముగిసింది. ఎయిర్‌బ్యాగ్ ప్రమాదాన్ని లేకుండా చేయదు, దాన్ని ఎదుర్కొనే రోజును వెనక్కి జరుపుతుంది. ఆలోగా ఒళ్లు సిద్ధమవుతుంది.

మనకు మంచు లేకపోవచ్చు, గాల్లో తిరిగే ఆటలు ఉన్నాయి. హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ జిమ్నాస్టిక్స్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారతీయురాలు ఆమే. అలాంటి కబురు రాగానే అభినందన సభలు పెడతాం, చెక్కులిస్తాం. ఆ డబ్బులో కొంత జిల్లా స్టేడియంలో ఒక స్పాంజి గుంటకు పెడితే వెనకొచ్చే పిల్లలకు పనికొస్తుంది.

మీ పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌కో స్కేటింగ్‌కో చేర్చేముందు గోడమీది పతకాల ఫొటోలు తర్వాత చూడొచ్చు. దూకిన పిల్ల ఎక్కడ పడుతుందో చూపించమని కోచ్‌ని అడగండి. అరిగిపోయిన చాప ఒక్కటే చూపిస్తే, ఇంకో చోటు వెతకండి.