రోటరు కీలుకు తార్నాకలో జవాబు వెతకాలి

హెలికాప్టర్ ముందుకు సాగుతున్నప్పుడు, గాలికి ఎదురెళ్లే రెక్కకు వెనక్కి మళ్లే రెక్క కంటే ఎక్కువ ఎత్తుబలం దొరుకుతుంది. యంత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. హెలికాప్టర్‌కు ముందటి తిరుగు రెక్కల యంత్రాలైన ఆటోగైరోల్లో, స్పెయిన్ ఇంజనీరు హువాన్ ద లా సియెర్వా చేసిన తొలి నమూనాలను దెబ్బతీసింది ఇదే. రెక్క మొదట్లో కీలు పెట్టి పైకీ కిందికీ ఊగనిచ్చాక, 1923 జనవరిలో ఆయన సీ.4 ఆటోగైరో ఎగిరింది. కొన్నేళ్లకు ముందుకూ వెనక్కూ కదలనిచ్చే మరో కీలు కూడా కావలసి వచ్చింది. ఆ కీళ్లకు గ్రీజు కావాలి, అవి అరుగుతాయి, తరచూ మార్చాలి. వాటికి ప్రత్యామ్నాయం నేడు ప్రధానంగా రబ్బరు, నారల శాస్త్రంలో ఉంది. అందుకే ఆ పనికి హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక తగిన చోటని నా వాదన.

1967లో ఎగిరిన జర్మన్ హెలికాప్టర్ బో 105 గాజునార రెక్కనే వంగనిచ్చి ఊగుడు కీళ్లను తీసేసింది. దాన్ని చేసిన సంస్థ సహకారంతో హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) రూపొందించిన ధ్రువ్ హెలికాప్టర్ 1992 ఆగస్టులో ఎగిరి అదే బాట పట్టింది. మరో మార్గం రబ్బరు బేరింగు. పల్చటి రబ్బరు పొరలనూ లోహపు రేకులనూ మార్చి మార్చి అతికిస్తే, అది నొక్కుడుకు లొంగదు, మెలితిప్పితే మాత్రం కదులుతుంది. పాడవుతున్నప్పుడు రబ్బరు పొట్టు రాలి ముందే తెలుస్తుంది. నా దృష్టిలో దీని పెద్ద సుగుణం ఇదే. అయితే కీలు లేని రోటరు వంపుబలాన్ని రెక్కలు కలిసే హబ్బు మీదా ఇరుసు మీదా ఎక్కువగా మోపుతుంది. రబ్బరుకు వేడి, నూనె పడవు.

బెంగళూరులో హెచ్.ఏ.ఎల్. ఉండగా ఇక్కడెందుకని అడగవచ్చు. ఎగిరే యంత్రాలతో విద్యార్థుల ప్రయోగాలు ప్రమాదమనీ అనవచ్చు. ఈ రెండో భయం న్యాయమైనదే. కానీ రబ్బరు బేరింగును పరీక్షించడానికి గాల్లోకి లేవనక్కర్లేదు. అరచేతిలో పట్టే నమూనాను యంత్రంలో బిగించి, బరువు మోపి, లక్షల సార్లు మెలితిప్పి, నూనెలో నానబెట్టి, వేడిచేసి మళ్లీ తిప్పితే చాలు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగం ఉంది. తార్నాకలో ఉన్న, 1944లో పుట్టిన ఐఐసీటీకి (భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు) పాలిమర్ రసాయనం తెలుసు. నగర శివారులోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. దేహం తయారుచేసే నగరం రోటరు మూలాన్ని కూడా అర్థం చేసుకోవాలి. ఇక హెచ్.ఏ.ఎల్. సంగతి: తయారీ సంస్థ తన పరీక్షల వివరాలను సహజంగానే దాచుకుంటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం మాత్రం తెగిపోయిన నమూనాల లెక్కలతో సహా అన్నీ బయటపెట్టగలదు. చిన్న డ్రోన్ హెలికాప్టర్లు కట్టే కుర్రాళ్లకు ముందుగా కావలసినవి ఆ లెక్కలే.