జర్మన్ భాష, చలనచిత్రం – ఒక జంట విద్య

ఈ విద్యా సంవత్సరం ఆరంభంలో ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఉపన్యాసకుల గదికి వచ్చి ఒక సందేహం అడిగింది. బ్రిటన్‌లోని కొన్ని విశ్వవిద్యాలయాలలో జర్మన్ భాషను, చలనచిత్ర అధ్యయనాన్ని జతపరచి ఒకే పట్టాగా ఇస్తారని ఆమె ఎక్కడో చదివిందట. ‘‘సార్, ఈ రెండింటికీ పొత్తు ఎట్లా కుదురుతుంది?’’ అన్నది. నేను నోరు తెరిచే లోపలే పక్కనున్న పెద్దలొకరు, ‘‘జర్మన్ నేర్చుకుంటే అన్నం పెడుతుందమ్మా. సినిమా చూడడానికి పట్టా ఎందుకు?’’ అన్నారు. అందరమూ నవ్వాము. నేను కూడా నవ్వినాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆనాడు నేను ఇవ్వవలసిన సమాధానమే ఈ వ్యాసం.

ఆ పెద్దల మాటలో మొదటి సగం నిజం. నేడు మన పట్టణాలలో జర్మన్ నేర్చుకొనేవారిలో ఎక్కువమంది నర్సులు, ఇంజనీర్లు. పరీక్ష, ప్రవేశం, ఉద్యోగం – వారి లక్ష్యం స్పష్టం. అందులో తప్పు లేదు. తప్పల్లా రెండవ సగంలోనే ఉన్నది. జర్మన్‌లో ‘విస్సెన్‌షాఫ్ట్’ అని ఒక మాట ఉన్నది. శాస్త్రం అని దాని అర్థం. ప్రకృతి శాస్త్రానికీ అదే మాట, సాహిత్య శాస్త్రానికీ అదే మాట. బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీలోనూ, మైన్‌జ్ విశ్వవిద్యాలయంలోనూ ‘ఫిల్మ్‌విస్సెన్‌షాఫ్ట్’ అనే విభాగాలు ఏర్పడినవి. సినిమా తీయడం నేర్పే విద్య వేరు. మ్యూనిక్‌లోనూ బెర్లిన్‌లోనూ అందుకు 1966 నుండి ప్రత్యేక సంస్థలున్నవి. విశ్వవిద్యాలయంలోని చలనచిత్ర శాస్త్రం కావ్యాన్ని చదివినట్లు సినిమాను చదువుతుంది. కావ్యాన్ని చదవడానికి భాష కావాలని ఎవరూ మనకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. సినిమా దగ్గరకు వచ్చేసరికి మాత్రం, అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చాలునని అనుకుంటాము.

చాలవు. విద్యార్థులకు నచ్చే ఉదాహరణతోనే మొదలుపెడతాను. 1930లో వచ్చిన ‘నీలి దేవత’ (డేర్ బ్లావె ఎంగెల్) అనే చిత్రానికి జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ దర్శకుడు. హైన్‌రిష్ మాన్ 1905లో వ్రాసిన నవల దానికి ఆధారం. అందులో రాట్ అనే కఠినుడైన ఉపాధ్యాయుడున్నాడు. జర్మన్‌లో ‘రాట్’ అంటే మంచి సలహా. ‘ఉన్’ అనేది మన ‘అ’ వంటి నిషేధోపసర్గ. విద్యార్థులు ఆయన పేరుకు ముందు ఆ చిన్న అక్షరాన్ని చేర్చి ‘ఉన్‌రాట్’ అని పిలుస్తారు. ఉన్‌రాట్ అంటే చెత్త. హితం చెప్పవలసిన మనిషి ఒక్క ఉపసర్గతో చెత్తకుప్ప అయినాడు. ఆ తరువాతి కథంతా ఆ మారుపేరు నిజమయ్యే కథ. ఆ రోజులలో డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు కనుక ఈ చిత్రాన్ని జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ రెండుసార్లు నటింపజేసి తీశారు. అయినా ఇంగ్లీషు మాత్రమే తెలిసిన ప్రేక్షకునికి ఆ పేరులోని విషం పూర్తిగా ఎక్కదు. (మన విద్యార్థులు నాకు పెట్టిన పేరేమిటో నేను విచారించలేదు. విచారించబోను.)

ఇక నా అనుభవంలోని మాట ఒకటి చెప్పాలి. ఎం.ఏ. చదివే రోజులలో ఒక సాయంత్రం రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ తీసిన 1974 నాటి చిత్రం ఒకటి చూశాను. ఇంగ్లీషులో దాని పేరుకు ‘భయం ఆత్మను తినివేస్తుంది’ అని అర్థం. గంభీరమైన సూక్తి వలె తోచింది. మొరాకో నుండి వచ్చి మ్యూనిక్‌లో కూలిపని చేసే అలీ, తనకంటే చాలా పెద్దదైన ఎమ్మి అనే పాచిపని చేసుకొనే వితంతువు పరస్పరం ఆదరించుకొని పెండ్లి చేసుకుంటారు. ఆమె పిల్లలు, ఇరుగుపొరుగు, తోటి పనివారు వారిని వెలివేసినంత పని చేస్తారు. నేను కంట తడి పెట్టి, చిత్రం అర్థమైనదనుకొని ఇంటికి వచ్చాను.

తరువాత హైదరాబాదులో సాయంత్రపు తరగతులలో జర్మన్ ఓనమాలు దిద్దుతుండగా, రెండవ నెలలో కాబోలు, క్రియాపదాల పాఠం వచ్చింది. ‘ఎస్సెన్’ అంటే తినుట. ‘అతడు తింటాడు’ అనవలసివస్తే ‘ఇస్ట్’ అనాలి. ఒక్కసారిగా నాకు ఆ చిత్రం పేరు గుర్తుకు వచ్చింది. జర్మన్‌లో దాని పేరు ‘ఆంగ్‌స్ట్ ఎస్సెన్ జేలె ఔఫ్’. అది తప్పు! ‘ఆంగ్‌స్ట్ ఇస్ట్ డీ జేలె ఔఫ్’ అని ఉండాలి. క్రియ మారలేదు, ఆత్మకు ముందు ఉండవలసిన ‘డీ’ అనే ఆర్టికిల్ లేదు. తెలుగులో చెప్పాలంటే అది ‘భయం ఆత్మను తినివేస్తుంది’ కాదు, ‘భయం ఆత్మ తినుట’ వంటిది. అది అలీ నోట వచ్చిన జర్మన్. పనిలో విని, దెబ్బలు తిని నేర్చుకొన్నవాని జర్మన్. దర్శకుడు ఆ తప్పును దిద్దకుండా చిత్రానికి నామకరణం చేశాడు. ఇంగ్లీషువారు దానిని దిద్దారు. దిద్దడంతో అలీ తన చిత్రం పేరులో నుండే మాయమైనాడు.

ఈ ఒక్క క్రియాపదం వెనుక ఎంత చరిత్ర ఉన్నదో చూడండి. పశ్చిమ జర్మనీ తన కర్మాగారాలకు మనుషులు చాలక 1961లో టర్కీతోనూ, 1963లో మొరాకోతోనూ ఒప్పందాలు చేసుకొన్నది. వచ్చినవారికి ‘గాస్ట్‌ఆర్బైటర్’ అని పేరు పెట్టింది. అతిథి, కార్మికుడు – రెండు మాటలు కలిపిన సమాసం. అతిథి చేత పని చేయించడం ఏ మర్యాదో ఆ సమాసమే చెప్పాలి. 1973లో ఆ పిలుపులు ఆగిపోయినవి. మరుసటి ఏడే ఈ చిత్రం వచ్చింది. అందులో ఒక కిరాణా కొట్టు దృశ్యమున్నది. అలీ సరుకు అడుగుతాడు. దుకాణదారునికి అర్థమవుతుంది, అయినా అర్థం కానట్లు నటించి, ముందు జర్మన్ నేర్చుకొని రమ్మంటాడు. ఇంగ్లీషు అక్షరాలతో చూసేవానికి అలీ మాట ఎంత తప్పో, ఎంత స్పష్టమో తెలియదు. జర్మన్ తెలిసినవాడు మాత్రం ఆ మాట తనకు అర్థమైనదని గ్రహిస్తాడు. దుకాణదారుని నటన అక్కడ పట్టుబడుతుంది. ఇంతకూ ఆ మనిషి అసలు పేరు చాలా పొడవైనది. జర్మన్లు పలుకలేక అందరూ అలీ అంటారు.

ఈ ముచ్చట మన కళాశాల పత్రికలో ఎందుకని ఎవరైనా అడిగితే, నేను నా తరగతి గదిని చూపిస్తాను. ఇంట్లో ఉర్దూ, వీధిలో దక్కనీ, పరీక్షలో తెలుగు – ఇది మన పిల్లల బతుకు. లింగ వచనాలు ఒక్కొక్కసారి తప్పుతారు. వీరి తాతల కాలం నుండి తెలుగు సినిమాలలో ఒక సాయిబు పాత్ర వచ్చి, విరిగిన తెలుగు మాట్లాడి, హాలంతా నవ్వించి పోవడం మనకు తెలిసినదే. మనమూ నవ్వినవాళ్లమే. ఫాస్‌బిండర్ అదే తప్పు మాటను తీసుకొని నవ్వుకు బదులు చిత్రానికి తల మీద పెట్టాడు. ఈ తేడాను తెలుగు వ్యాకరణమొక్కటే చదివినవాడు చెప్పలేడు. సినిమాలొక్కటే చూసినవాడూ చెప్పలేడు.

దీనికి మరొక ముఖం ఉన్నది. అది మరింత భయంకరం. 1940లో ఫైట్ హార్లాన్ దర్శకత్వంలో ‘యూడ్ జ్యూస్’ అనే చిత్రం వచ్చింది. యూదులపై ద్వేషం నూరిపోయడానికి నాజీ ప్రభుత్వం తీయించిన చిత్రమది. హిమ్లర్ తన ఎస్.ఎస్. దళాలు, పోలీసులు దానిని చూడాలని ఆజ్ఞాపించాడు. ఆ చిత్రం మొరటుగా ఉండి ఉంటే ఇంత కీడు జరిగేది కాదు. అది చక్కని నటులతో, చక్కని సంభాషణలతో, చరిత్ర వేషం వేసుకొని వచ్చింది. ఇటువంటి సుమారు నలభై చిత్రాలను జర్మనీలో నేటికీ స్వేచ్ఛగా ప్రదర్శించరు. నిపుణుడు ముందు ఉపన్యసించి, తరువాత చర్చ జరిపితేనే ప్రదర్శన. వీటిని ‘ఫోర్‌బెహాల్ట్స్‌ఫిల్మ్’ అంటారు, షరతు మీద చూపే చిత్రమని. ‘సినిమా చూడడానికి పట్టా ఎందుకు’ అన్న నా మిత్రునికి ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు. చదువుకొన్న జాతి ఒకటి, కొన్ని సినిమాలను గురువు తోడు లేకుండా చూడరాదని అనుభవం మీద తీర్మానించుకొన్నది. అల్పసంఖ్యాకులమైన మనకు ఈ పాఠం దూరపు పాఠమా?

జర్మన్ మనకు పూర్తిగా పరాయిదీ కాదు. అల్లామా ఇక్బాల్ 1907లో హైడెల్‌బర్గ్‌లో జర్మన్ నేర్చుకొని మ్యూనిక్ నుండి డాక్టరేట్ పొందారు. గోథే 1819లో ప్రచురించిన దీవాన్‌కు 1923లో ‘పయామె మష్రిఖ్’తో బదులిచ్చారు. హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్ గారు బెర్లిన్‌లో చదువుతూ గాలిబ్ దీవాన్‌ను అక్కడే అచ్చు వేయించారు. సినిమాకు వస్తే, మన ఇళ్లలో పెద్దలు నేటికీ తలచుకొనే ‘పాకీజా’కు ప్రధాన ఛాయాగ్రాహకుడు మ్యూనిక్ నుండి వచ్చిన యోజెఫ్ విర్షింగ్. ఆ చిత్రం 1972లో విడుదలయ్యేనాటికి ఆయన లేరు, 1967లోనే మరణించారు. అంతకుముందు 1949 నాటి ‘మహల్’లోని చీకటి వెలుగులూ ఆయనవే.

అయితే ఈ జంట విద్యకు ప్రమాదం లేకపోలేదు. సగం జర్మన్, సగం సినిమా అయి, రెండూ అరకొరగా మిగిలిపోవచ్చు. చిత్రాలను ఇంగ్లీషు అక్షరాలతో చూపి, వ్యాసాలు ఇంగ్లీషులో వ్రాయించే చోట ఈ పట్టా తీసుకోవద్దని ఆ విద్యార్థినికి చెప్పాను. జర్మన్ దేశంలో ఒక సంవత్సరం గడపడం పాఠ్యక్రమంలో భాగంగా ఉన్నదో లేదో చూసుకోమన్నాను. రుసుము మాట కూడా దాచలేదు. బ్రిటన్‌లో అది మన కుటుంబాలకు అందేది కాదు. జర్మనీలో చాలావరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బోధనా రుసుము తీసుకోవు. కాని బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్‌కు వెలుపలి విద్యార్థులకు 2017లో సెమిస్టర్‌కు 1500 యూరోలు విధించింది. అందరూ ఈ దారి పట్టాలని నేననను. పట్టదలచినవారిని నవ్వి పంపరాదని మాత్రమే నా మనవి.

కళాశాల కమిటీ వారికి ఒక చిన్న విన్నపం. మన దగ్గర కొత్త పట్టా ప్రారంభించే శక్తి లేదు. కాని శనివారం మధ్యాహ్నాలు గ్రంథాలయపు హాలు ఖాళీగా ఉంటుంది, గోడ తెల్లగా ఉన్నది, ప్రొజెక్టర్ ఒకటి బీరువాలో ఉన్నది. నెలకొక చిత్రం, ముందు అరగంట మాట, తరువాత గంట చర్చ, మధ్యలో జర్మన్ క్రియాపదాలు కొన్ని. మొదటి చిత్రం ఏదో చెప్పనక్కరలేదు. ఆ బీరువా తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో తెలియజేస్తే వచ్చే నెలలోనే మొదలుపెట్టగలను.